పిన్ను ఊడొచ్చే దాకా

కదిరి నుంచి మా ఊరికి వచ్చే దారిలో వంక మీది మోరీ దాటాక చిన్న ఎత్తు వస్తుంది. ఒక గురువారం మధ్యాహ్నం ఆ ఎత్తు నడుమ నా బండి ఆగిపోయింది. మొదట హారన్ మూగబోయింది. తర్వాత మీటరులో దీపం ఆరిపోయింది. ఆ వెంటనే ఇంజను. తాళం చెవి అటూ ఇటూ తిప్పి చూశాను. చలనం లేదు. బండి వెనక్కి జారకుండా బ్రేకు గట్టిగా పట్టుకుని ఎండలో అలాగే కూర్చున్నాను.

నాది సైడు చక్రాల స్కూటరు. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించి ఉంటాయి కాబట్టి కాలు నేల మీద ఆనించే పని లేదు. నా కాళ్ళు పసితనంలోనే పోలియో వల్ల చచ్చుబడ్డాయి. ఎడమది పూర్తిగా, కుడిది సగానికి సగం. చంకకర్రతో ఇంట్లో తిరుగుతాను, వాకిట్లోకి వస్తాను. ఊరు దాటాలంటే మాత్రం బండే.

అంతలో సంత నుంచి వస్తున్న ఆటో ఒకటి పక్కన ఆగింది. నిండా ఆడవాళ్ళు. డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏమ్మా, బండి నిల్చిపోయినాదా? రా, ఎక్కు. మేము ఎత్తి కూచోబెడ్తాం."

"మరి బండి?"

"బండి ఆడ్నే ఉండనీలే. దాన్ని ఎవురు ఎత్తకపోతారు?"

"వద్దన్నా. బండి యాడుంటే నేనూ ఆడ్నే."

అతను ఇంకేదో అనబోయేలోపు ఒకామె దిగి వచ్చి, నన్ను అడగకుండానే నా చంకల కింద చేతులు పెట్టింది. నేను హ్యాండిలు వదల్లేదు. "అక్కా, చేతులు తీయి" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. "మంచికి పోతే ఇట్ల అంటాదే ఈ పాప" అని ఆటో ఎక్కింది. ఆమె చెడ్డది కాదు. నాకు ఆ సంగతి తెలుసు.

కానీ ఎత్తడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయేవాడు. అప్పుడది నాకు సంతోషంగానే ఉండేది. ఎదిగాక బస్సు ప్రయాణాలు మొదలయ్యాయి. బస్సు మెట్టు నా నడుమంత ఎత్తు. "ఎవురన్నా పట్టుకోండప్పా, లేటవుతాండాది" అని కండక్టరు అరిస్తే, ముక్కూ మొహం తెలియని చేతులు నన్ను మూటలా పైకి అందించేవి. ఏ చెయ్యి ఎక్కడ పడుతుందో ఎవరూ చూసుకునేవారు కాదు. పెద్దపిల్లనయ్యాక ఆ చేతులంటే వణుకు పుట్టింది. బండి వచ్చిన రోజున, ఇక నన్ను ఎవరూ ఎత్తకూడదని మనసులో అనుకున్నాను. అప్పటి నుంచి ఎవరూ ఎత్తలేదు.

నాయనకు ఫోను చేశాను. పక్క చేను వాళ్ళ ట్రాక్టరు తోలించుకుని వచ్చాడు. ఎరువు దించిన ఖాళీ ట్రాలీ వెనక ఉంది. నాయన వస్తూనే నడుముకు తువ్వాలు బిగించుకున్నాడు.

"రా పాపా, నిన్ను ట్రాలీలోకి ఎక్కిస్తా. బండిని తర్వాత ఎక్కిద్దాం."

"బండికి తాడు కట్టు నాయనా. నేను బండి మీద్నే కూచుంటా."

"దుమ్ములో ఎట్ల కూచుంటావు?"

"కూచుంటా."

తాడు కట్టారు. ట్రాక్టరు మెల్లగా లాగుతుంటే నేను వెనకాల హ్యాండిలు తిప్పుకుంటూ, బ్రేకు చూసుకుంటూ ఊళ్ళోకి వచ్చాను. కళ్ళలో, నోట్లో, జుట్టులో ఎర్రదుమ్ము. ఇంటి ముందు అమ్మ నన్ను చూసి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

ఆ వారంలోనే బండి ఆగడం నాకు పెద్ద దెబ్బ. నేను రవికెలు, డ్రస్సులు కుడతాను. గోరంట్లలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే కేంద్రం ఒకటి తెరుస్తున్నారు. అక్కడ నేర్పించడానికి నన్ను అడిగారు. కేంద్రం చూసుకునే మేడం ఫోనులో నా పనితనం గురించి అసలు అడగలేదు. అప్పటికే నేను కుట్టినవి చూసింది. "రోజూ రాగలవా? ఎవరైనా తీసుకొచ్చి దింపుతారా?" అని మాత్రం అడిగింది. "నేనే వస్తాను మేడం, నా బండి మీద" అన్నాను. సోమవారం నుంచి క్లాసులు. ఆ గురువారం నేను కదిరికి పోయింది కూడా క్లాసుకు కావాల్సిన లైనింగు గుడ్డలు, టేపులు తెచ్చుకోవడానికే.

శుక్రవారం పొద్దున కదిరి నుంచి మెకానిక్ కుర్రాడు తన బైకు మీద వచ్చాడు. హ్యాండిలు కింద ముందు మూత విప్పి, వైర్ల గుత్తిని బయటకు లాగి, ఊది, చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇది ఈడ అయ్యే పని కాదు. వైరింగ్ సెట్టు మొత్తం మార్చల్ల. ఈ మాడలు ఇప్పుడు తయారు చేయడం ల్యా. బెంగుళూరులో దొరికితే దొరకల్ల. ఎప్పుడొచ్చాదో నేను చెప్పలేను."

"పాడైన కాడ మాత్రం బాగు చేయలేవా?"

"కప్లర్లో పోయినాదక్కా. లోపల పిన్నులు తీయల్లంటే శానా కష్టం. తీసేటప్పుడు ఇరిగితే ఉండేది కూడా పోతాది."

కప్లర్ అంటే రెండు వైర్ల గుత్తులు కలిసే ప్లాస్టిక్ జోడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఒక ముక్క లోపల ఇత్తడి పిన్నులు, ఎదుటి ముక్కలో వాటిని పట్టుకునే గొట్టం పిన్నులు. రెండూ కలిపి నొక్కితే కరెంటు పారుతుంది. నా బండిలో తాళం కింద ఉండే ఆ కప్లర్ పచ్చగా చిలుము పట్టి, ఒక మూల కమిలి ఉంది. కుర్రాడు అది చూపించి, మూత మళ్ళీ బిగించి, వేరే పనికి పోవాలని వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు. ఒక్క పిన్ను కోసం రోజంతా కూర్చుంటే అతనికి గడవదు.

నాకు మా వెనక వీధిలో ఉండే పెద్దాయన గుర్తొచ్చాడు. కదిరి బస్టాండు దగ్గర చాలాకాలం లారీలకు, ట్రాక్టర్లకు వైరింగ్ పని చేసినవాడు. కళ్ళలో పొరలు కమ్మితే అంగడి మూసేసి ఊరికి వచ్చి కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన్ని మామా అని పిలుస్తాను. అమ్మ వెళ్ళి పిలిస్తే గోడ పట్టుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బా.

బండి పక్కన పీట వేసుకుని కూర్చుని అన్నాడు: "పాపా, తాళం తిప్పి పెట్టు. హారన్ మీద బొటనేలు పెట్టుకో. నేను చెప్పిందాకా తీయొద్దు."

నేను నొక్కి పట్టుకున్నాను. ఆయన మూత విప్పి, వైర్లను ఒక్కొక్క చోటే తడుముతూ, వంచుతూ, నొక్కుతూ పోయాడు. కప్లర్‌ను రెండు వేళ్ళతో గట్టిగా ఒత్తగానే హారన్ ఒక్కసారి కీక్ మంది. వదలగానే ఆగిపోయింది.

"ఈడ ఉండాది రోగం. లోపల ఒక పిన్ను వెనక్కి జారింది. ఇంకోటి వేడికి కాలింది. పిన్నులన్నీ తీసి వేరే కప్లర్లోకి మార్చల్ల. ఇదే సైజు ఖాళీ కప్లర్ నా డబ్బాలో ఉండాది."

"అయితే మార్చు మామా."

"నేను యాడ మారుస్తా? నాకు నీ మొగమే మబ్బు మబ్బుగా అగుపడ్తాండాది. నువ్వే తీయల్ల."

"నాకేం తెలుసు ఈ పని?"

"సూదిలో దారం ఎక్కిచ్చేది ఎవురు మీ ఇంట్లో?"

నేను కూడా బండి పక్కన కూర్చున్నాను. బ్యాటరీ వైరు ఊడదీయమన్నాడు. తీశాను. కప్లర్ రెండు ముక్కలూ విడదీయమన్నాడు. పక్కనున్న కొక్కెం నొక్కి విడదీశాను. అప్పుడు డబ్బాలోంచి కొత్త పిన్ను ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. వడ్లగింజకంటే కొంచెం పెద్దది.

"వేలు పెట్టి చూడు. వీపు మీద చిన్న నాలిక మాదిరి రేకు లేచి ఉండాదే, అదే లాకు. పిన్ను లోపలికి పోయినాక ఆ నాలిక ప్లాస్టిక్ గడపకు అడ్డం నిలబడుకుంటాది. వెనక్కి రానీదు. ముందు పక్క నుంచి సన్నటిది ఏదన్నా దూర్చి ఆ నాలికను అణచల్ల. అణిచి పట్టుకోని వైరును ఒకసారి లోపలికి నూకు. బిగువు వదులుతాది. అప్పుడు వెనక్కి లాగు. నాలిక అణగకుండా లాగినావంటే వైరు ఊడి చేతికొచ్చాది, పిన్ను లోపల్నే ఉండిపోతాది. జల్దీ వద్దు."

ఏ వైరు ఏ గదిలో ఉందో కలిసిపోకుండా చూసుకోవాలి. వైర్ల రంగులు దుమ్ముకు, వేడికి వెలిసిపోయి అన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి. నా దారపు ఉండల్లోంచి ఒక్కొక్క వైరుకు ఒక్కొక్క రంగు దారం కట్టాను. కొత్త కప్లర్‌లో అదే చోట అదే రంగు దారం దూర్చి పెట్టుకున్నాను. అది చూసి, చూసి అంటే తడిమి, మామ తల ఊపాడు.

మొదటి పిన్ను, వెనక్కి జారినది, కాస్త లాగగానే వచ్చేసింది. దాని నాలిక ఎప్పుడో అణిగిపోయింది. ఇంతేనా అనుకున్నాను. రెండోదానితో నా పొగరు దిగింది. మిషను సూది దూర్చి నొక్కితే సూది మొన విరిగి లోపలే ఉండిపోయింది. పిన్నీసు వంగిపోయింది. స్క్రూడ్రైవరు లావు. చివరికి నాలిక అణిగిందనుకుని లాగాను. మామ చెప్పినట్టే వైరు ఒక్కటే చేతిలోకి వచ్చింది. ఇత్తడి పిన్ను లోపల నన్ను చూస్తూ కూర్చుంది.

"తెగిందా?" అన్నాడు మామ, చప్పుడు విని.

"తెగింది."

"కానీలే. దాన్ని రేపు చూద్దాం. చేతులు అలిసినప్పుడు ఈ పని చేయగూడదు."

ఆయన డబ్బా నా దగ్గరే వదిలి వెళ్ళిపోయాడు. నేను పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. వేళ్ళ కొనలు కందిపోయాయి. ఒక్క పిన్నూ కదల్లేదు. నాయన చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఏంటికి పాపా ఈ తిప్పలు? ఇంటికాడ్నే మిషను ఉండాది గదా. కుట్టుకుంటే సరిపోదా?"

"నేర్పిస్తానని చెప్పినా నాయనా."

"అట్లయితే నేను ఎత్తుకోని బస్సు ఎక్కిస్తా. సాయంత్రం వచ్చి దింపుకుంటా. నా పాణం ఉన్నంతవరకు నీకేం తక్కువ?"

ఆయన మోకాళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. అయినా అది కాదు నేను చెప్పాల్సింది.

"నువ్వు ఎత్తుకుంటే నేను పోను నాయనా."

"ఏం? నా భుజం మీద ఎక్కి బడికి పోల్యా నువ్వు?"

"అప్పుడు చిన్నదాన్ని. ఇప్పుడు ఆ పిల్లోళ్ళ ముందర నన్ను ఎత్తుకోని దింపితే, వాళ్ళు నా చేతులు చూడరు, కాళ్ళే చూస్తారు."

ఆయన లేచి లోపలికి పోయి అన్నం తిని పడుకున్నాడు. ఆయన మనసుకు తగిలిందని నాకు తెలిసింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

శనివారం నేను లేచేసరికి పెరట్లో గరగరమని చప్పుడు. నాయన బట్టలుతికే బండ దగ్గర గొంతుక్కూర్చుని ఏదో నూరుతున్నాడు. దగ్గరికి పోయి చూస్తే ఆయన నల్ల గొడుగు పక్కన విప్పి పడేసి ఉంది. మా దగ్గర గొడుగు వానకు తెరిచేది తక్కువ. చేనిలో ఎండకు ఆయన దాన్నే వేసుకుంటాడు. దాని కమ్మి ఒకటి విరిచి, కొన సుత్తితో చదును చేసి, బండ మీద నీళ్ళు చల్లుతూ సాన పడుతున్నాడు.

"పొద్దున్నే మామ కాడికి పోయి అడిగినా. గొడుగు కమ్మి అయితే వంగదు, ఇరగదు అన్యాడు. ఇంత సన్నం చాలునా?"

నేను దాన్ని తీసుకుని కప్లర్ గదిలో పెట్టి చూశాను. కొంచెం లావు. "ఇంకొంచెం నాయనా" అన్నాను. ఆయన మళ్ళీ కూర్చుని నూరాడు. మళ్ళీ చూశాను. ఇంకొంచెం అన్నాను. విసుక్కోకుండా మళ్ళీ నూరాడు. చివరికి పట్టుకోవడానికి వీలుగా రెండో కొనకు గుడ్డపేలిక చుట్టి ఇచ్చాడు.

మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను కప్లర్‌ను వెలుతురుకు తిప్పి పట్టుకుని, కమ్మి కొనను పిన్ను వీపు వెంబడి లోపలికి పోనిచ్చాను. ముందు ప్లాస్టిక్ తగిలింది. కొంచెం పైకి లేపాను. రేకు తగిలింది. అణిచాను. రేకు చిన్నగా దిగినట్టు వేలికి తెలిసింది. చెవికి కాదు, కంటికి కాదు, వేలికే. వైరును లోపలికి తోసి, వెనక్కి లాగాను. పిన్ను మెత్తగా బయటకు వచ్చింది.

"వచ్చింది మామా!"

"నాలిక ఎట్లుండాది? ఇరిగిందా?"

"ల్యా. నిలబడే ఉండాది."

"అట్ల రావల్ల."

తర్వాత మిగిలినవి ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని వెంటనే, కొన్ని బతిమాలించుకుని. వైరు తెగిన పిన్నును ముందు నుంచి సన్న పట్టకారుతో పట్టి లాగాం. విరిగిన సూది మొన దాని వెంటే రాలింది. అన్నిటికంటే మొండిది కాలిన పిన్ను. ప్లాస్టిక్ కరిగి దాన్ని పట్టేసుకుంది. కమ్మి కొనతో చుట్టూ కొంచెం కొంచెంగా గీకుతూ, నాలిక దొరికేదాకా మధ్యాహ్నం అన్నం కూడా మరిచి కూర్చున్నాను. అమ్మ ముద్ద తెచ్చి నోట్లో పెట్టబోతే, "పెట్టొద్దు, చేతులు కడుక్కోని నేనే తింటా, కొంచెం ఆగు" అన్నాను. అమ్మ నవ్వింది. కాలిన పిన్ను ఊడొచ్చినప్పుడు నల్లగా, బొగ్గులా ఉంది.

మంచి పిన్నుల చిలుమును గరుకుగా ఉండే ఉప్పు కాగితంతో రుద్దాను. అణగిన నాలికను పైకి లేపాను. కాలినదానికీ, తెగినదానికీ మామ డబ్బాలోంచి కొత్తవి తీసి, వైరు కొన చెక్కి, పిన్ను రెక్కలు దాని మీదికి మడిచి పట్టకారుతో బిగించాను. ఆ రెక్కలు సమంగా మడవడం నాకు సరిగ్గా కుదరలేదు. ఒకటి ఒంకరగా వచ్చింది. మామ వైరు లాగి చూసి, "పట్టుకోనుండాదిలే" అన్నాడు.

ఆదివారం పొద్దున దారాలు చూసుకుంటూ పిన్నులన్నీ కొత్త కప్లర్‌లోకి దూర్చాను. ఒక్కొక్కటీ తన చోటికి చేరినప్పుడు టిక్ మంటుంది. మామ చెవి దగ్గర పెట్టుకుని ప్రతి టిక్కునూ విన్నాడు. ఒకటి మోగకపోతే మళ్ళీ తీయించాడు. రెండు ముక్కలూ కలిపి నొక్కి, బ్యాటరీ వైరు తగిలించి, తాళం తిప్పాను. మీటరులో దీపం వెలిగింది. హారన్ నొక్కితే వీధి కుక్కలు లేచాయి. ఇంజను ఒక్క పట్టున అందుకుంది.

నాయన అరుగు మీద నుంచి లేవలేదు. "ఆ చెరువు కట్ట కింద గుంతల బాటలో తిప్పి చూడు. ఆడ నిల్చిపోకుండా వచ్చిందంటే గోరంట్లకి పోయినట్లే" అన్నాడు. పోయి తిప్పాను. ప్రతి గుంతలోనూ కావాలనే దించాను. బండి దడదడలాడింది గానీ దీపం ఒక్కసారి కూడా మిణుకుమనలేదు.

సోమవారం క్లాసు మొదలయ్యే వేళకంటే చాలా ముందే గోరంట్లకు చేరాను. గుమ్మం ముందు రెండు మెట్లు ఉన్నాయి. చంకకర్ర మీద ఆనుకుని, గోడ పట్టుకుని, నేనే ఎక్కాను. మేడం పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపి, మధ్యలో ఆగి, "పట్టుకోమంటావా?" అని అడిగింది. "వద్దు మేడం, వస్తాను" అన్నాను. అడిగినందుకు ఆమె నాకు నచ్చింది. ఆ రోజు పిల్లలకు కొలతలు తీయడం నేర్పాను. సాయంత్రం బండి మీద ఇంటికి వచ్చాను. నాయన వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, ఏదో పని మీద వచ్చినట్టు పక్క సందులోకి తిరిగాడు.

చలికాలంలో మామకు కంటి ఆపరేషను అయింది. పట్టీ విప్పిన కొన్నాళ్ళకు ఆయనే మా ఇంటికి వచ్చాడు, గోడ పట్టుకోకుండా. నల్లద్దాలు తీసి నా మొహం కాసేపు చూశాడు. తర్వాత బండి ముందు మూత విప్పించాడు. కప్లర్‌ను ఎండకు తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంది పాపా? ఈ వైరు రెక్కలు ఇంత ఒంకరగా మడిచినావు?"

"పట్టుకోనుండాదని నువ్వే చెప్తివి గదా మామా!"

"అప్పుడు నాకు అగుపడ్ల్యా. ఇప్పుడు అగుపడ్తాండాది. తీయి."

"బాగానే తిరుగుతాండాది గదా."

"ఇంకో రెండు ఎండాకాలాలు తిరిగినాక ఈడ్నే కాల్తాది. తీయి, తీయి."

నేను మిషను మీది గుడ్డ పక్కన పెట్టి, బండి దగ్గరికి వచ్చి పీట మీద కూర్చున్నాను. బ్యాటరీ వైరు ఊడదీసి, కప్లర్ విడదీసి, ఆ పిన్ను నాలిక ఎక్కడుందో వెతకసాగాను. మామ పక్కనే నిలబడి కొత్త కళ్ళతో నా వేళ్ళను చూస్తున్నాడు.